కల్లు: నల్లగొండ, పాలమూరు

తాటి, ఈత చెట్ల రసం తనంతట తానే పులిసి కల్లవుతుంది. దక్షిణ తెలంగాణ మెట్టల్లో, ముఖ్యంగా ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో, కల్లుగీత తరతరాలుగా గౌడ కులస్థుల వృత్తి. వానలు తక్కువైన ఈ ఎర్ర చెల్కల్లో పొలంగట్ల మీద తాళ్లు ఎవరూ నీరు పెట్టకుండానే బతుకుతాయి. ఈతవనాలు ఎక్కువగా వాగుల ఒడ్డునా, చెరువుల పక్కనా కనిపిస్తాయి.

తాడు గీతకు రావడానికి పన్నెండు, పదిహేనేళ్లయినా పడుతుంది. పువ్వు గెలలు వేసే మగచెట్టు పోద్దాడు, కాయ కాసేది పండుతాడు. మోకు వేసుకొని, నడుముకు ముస్తాదు కట్టుకొని చెట్టెక్కిన గౌడు గెలను కొన్నాళ్లపాటు నలిపి మెత్తబరుస్తాడు. ఆ తర్వాత దాని కొసను రోజూ పలుచగా చెక్కుతాడు. కోసిన చోటు ఆరితే ధార ఆగిపోతుంది, లోతుగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది. ఆ మందం చేతికి పట్టుబడటమే ఈ విద్యలో కష్టమైన భాగం. ఈతచెట్టుకు గెలను కాదు, మొవ్వు కిందుగా మట్టలు తీసి కాండాన్నే గీస్తారు. ఒక ఏడు ఒక వైపు, మరుసటి ఏడు ఎదుటి వైపు గీయడంతో పాత ఈతచెట్టు ఒళ్లంతా గంట్లు పడి వంకరలు తిరుగుతుంది.

రుచిలో, రసం పట్టే కుండ అయిన లొట్టికీ పెద్ద వాటా ఉంది. తాటి రసంలో 10 నుంచి 15 శాతం దాకా చక్కెర ఉంటుంది. నిన్నటి కల్లు తడి మిగిలిన లొట్టిలో ఈస్టులు, లాక్టిక్ బ్యాక్టీరియా కాచుకొని ఉంటాయి. రసం చుక్కలుగా పడుతుండగానే పులియడం మొదలవుతుంది. పాత్రను బట్టి రుచి మారడం వైన్‌లోనూ ఉంది: ఫ్రాన్సులోని బర్గండీలో షార్డొనే ద్రాక్ష వైన్‌కు ఓక్ వాసన తేలికగా అంటాలనుకున్నవారు కొత్త పీపాలు తగ్గించి, ముందే వాడినవాటిలో నిలవచేస్తారు. అక్కడ నెలలు పట్టే పని ఇక్కడ గంటల్లో ముగుస్తుంది. పాత్ర మాత్రం రెండు చోట్లా రుచిలోకి దిగుతుంది. పొద్దున దించిన కల్లు తియ్యగా, నురగతో ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ ఘాటెక్కి, సాయంత్రానికి పులుస్తుంది. ఆల్కహాలు సాధారణంగా 4 నుంచి 6 శాతం. లొట్టికి లోపల సున్నం పూస్తే పులియడం ఆగుతుంది, దిగేది నీరా.

ఈ వృత్తి చరిత్రలో రాజ్యాన్ని ఎదిరించిన ఘట్టాలున్నాయి. కల్లుగీత కుటుంబంలో పుట్టిన సర్వాయి పాపన్న మొగలుల ఏలుబడిలో సొంత సేన కూర్చుకొని 1708లో వరంగల్ మీద, మరుసటి ఏడు భువనగిరి మీద దాడి చేశాడు. 1710లో అతణ్ణి చంపారు. నిజాం కాలంలో అబ్కారీ ఖజానాకు పెద్ద రాబడి. చెట్టెక్కేది గౌడు, లాభం గుత్తేదారుది. గుత్తేదారుల పెత్తనం పోవాలని గీత కార్మికులను కూడగట్టిన నాయకుల్లో బొమ్మగాని ధర్మభిక్షం ముఖ్యుడు. ఆయన 1952లో సూర్యాపేట నుంచి శాసనసభకు, 1991, 1996లలో నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచాడు. చెట్ల మీద హక్కు నేడు గీత సహకార సంఘాల ద్వారానూ, గీసేవాడికే చెట్టు అప్పగించే టీఎఫ్‌టీ పద్ధతిలోనూ దక్కుతోంది.

గిరాకీకి చెట్లు చాలని చోట మందు కల్లు పుట్టింది. క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు నీళ్లలో కలిపి సీసాల్లో అమ్మే ఆ ద్రవాన్ని కల్లనడం చెట్టుకూ గౌడుకూ అన్యాయం. 2015లో తనిఖీలు పెరిగి అది దొరక్కపోయేసరికి, మహబూబ్‌నగర్ సహా పలు జిల్లాల్లో దానికి అలవాటుపడ్డవారు వణుకు, మతిభ్రమతో ఆస్పత్రుల పాలయ్యారు. తాగుబోతుతనమని తీసిపారేయరాదు, అది విషప్రయోగం.

2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. తాడి మీంచి పడి చనిపోయే, నడుం విరిగే గౌడుల కోసం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో మోకులు, బెల్టులున్న కిట్ల పంపిణీ మొదలైంది. కాటమయ్య గౌడుల కులదైవం.