తాడుకు వేలాడుతూ లెక్కలు నేర్చిన వ్యోమగామి



2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగుతున్నప్పుడు మనలో చాలామందిమి హాస్టల్ టీవీ ముందే ఉన్నాం. ఈలలు వేశాం, చప్పట్లు కొట్టాం. పక్కన కూర్చున్న పదో తరగతి పిల్లలు "అన్నా, నేను కూడా ఇస్రోలో చేరతా" అన్నారు. వాళ్లలో కొందరు ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నారు. కొందరు లెక్కలంటే భయపడి వేరే గ్రూపుకి పోయారు. ఒకరిద్దరు మొదటేడు తప్పి, మళ్లీ పుస్తకం ముట్టకుండా పనికి పోయారు. రాకెట్ చూపిస్తే పిల్లలకి ఉత్సాహం వస్తుంది, కాదనం. అది లెక్కల పరీక్ష దాకా నిలుస్తుందా అన్నదే మా అనుమానం. అందుకే ఈసారి జాన్ హెరింగ్టన్ చరిత్ర రాస్తున్నాం.

హెరింగ్టన్ అమెరికాలోని చికసా తెగవాడు. చికసాల సొంత నేల మిసిసిపీ వైపు. 1830లలో అక్కడి ప్రభుత్వం వాళ్లని ఆ నేల మీదనుంచి లేపి పడమటికి, ఇప్పటి ఓక్లహోమాకి తోలింది. ఆ ఓక్లహోమాలోనే వెటుంకా అనే ఊళ్లో 1958లో ఇతను పుట్టాడు. చిన్నప్పుడు అట్టపెట్టెలో కూర్చుని చంద్రుడి మీదకి పోతున్నట్టు కలలు కనేవాణ్ణని తనే చెప్పాడు. 1969లో మనుషులు చంద్రుడి మీద నడిచేనాటికి అతనికి పదేళ్లు. అంటే ఉత్సాహానికి ఏం కొదవ లేదు!

అయినా ఏమైంది? కొలరాడోలో కాలేజీకి పోయాడు. ధ్యాసంతా కొండలెక్కడం మీదే. మార్కులు పడిపోయాయి. కాలేజీవాళ్లు చదువు ఆపించి బయటికి పంపేశారు. చిన్ననాటి అట్టపెట్టె కల అతన్ని ఆ రోజు కాపాడలేకపోయింది. ఈ ముక్క అతని గురించి చెప్పే ప్రసంగాల్లో చాలామంది ఒక్క మాటలో దాటేస్తారు. మాకైతే అసలు కథ ఇక్కడే ఉందనిపిస్తుంది.

కొండలెక్కడం వచ్చు కాబట్టి ఒక సర్వే బృందం అతన్ని పనిలో పెట్టుకుంది. నిటారు బండల మీద తాడు కట్టుకుని దిగి, కొలతకి కావలసిన అద్దం పట్టుకుని వేలాడాలి. కింద ఉన్న యంత్రం ఆ అద్దం ఎంత దూరంలో ఉందో, చూపు ఎంత కోణంలో పైకి లేచిందో చెబుతుంది. ఏటవాలు దూరం 100 మీటర్లు, కోణం 30 డిగ్రీలు అనుకోండి. 30 డిగ్రీల సైన్ విలువ సగం కాబట్టి యంత్రం మట్టం నుంచి బండ మీది ఆ చోటు 50 మీటర్ల ఎత్తు. ఎవరూ బండ పొడవునా టేపు పట్టక్కర్లేదు. పదో తరగతిలో మనం సైన్, కాస్, టాన్ అంటూ అర్థం కాకుండానే బట్టీ పట్టామే, ఆ పాఠమే ఇది. కాలేజీ గదిలో ఎక్కని లెక్క హెరింగ్టన్‌కి తాడు మీద ఎక్కింది. లెక్క దేనికి పనికొస్తుందో చేత్తో చూశాడు.

మళ్లీ చదువుకి పోయాడు. 1983లో అనువర్తిత గణితంలో డిగ్రీ తీసుకున్నాడు. ఒకప్పుడు చదువు ఆపించుకున్నవాడు ఆ రోజుల్లో రిటైరైన ఒక నౌకాదళ కెప్టెన్‌కి లెక్కలు చెప్పే స్థితికొచ్చాడు. ఆ పెద్దమనిషే అతన్ని నేవీలో చేరమన్నాడు. ఆ తర్వాత పైలట్, టెస్ట్ పైలట్ అయ్యాడు. 1996లో నాసా ఎంపిక చేసుకుంది.

2002 నవంబర్ 23న ఎండీవర్ నౌకలో అంతరిక్షానికి వెళ్లాడు. అధికారికంగా ఒక తెగలో సభ్యుడిగా నమోదై ఉండి అంతరిక్షానికి పోయిన మొదటి అమెరికా ఆదివాసీ అతనే. నౌక బయట మూడుసార్లు, మొత్తం దాదాపు 20 గంటలు పనిచేశాడు. అంతరిక్ష కేంద్రానికి కొత్త దూలం బిగించే పని అది. వెంట చికసా జెండా, గద్ద ఈక, పిల్లనగ్రోవి తీసుకుపోయాడు. హాస్టల్లో మన భాష మాట్లాడటానికి సిగ్గుపడిన రోజులు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. అతను తన తెగ గుర్తుల్ని భూమి దాటించాడు.

నాసా నుంచి బయటికొచ్చాక చేసిన పని మాకు ఇంకా నచ్చింది. 2008లో సైకిలెక్కి, వాషింగ్టన్ రాష్ట్రపు సముద్రపు కొస నుంచి ఫ్లోరిడాలో రాకెట్లు ఎగిరే కేప్ కెనవరల్ దాకా తొక్కాడు. దారిలో ఆదివాసీ పిల్లల్ని కలుస్తూ, సైన్సు లెక్కల గురించి మాట్లాడుతూ పోయాడు. అంతటితో ఊరుకోలేదు. నాసా వేసవి శిక్షణకి వచ్చిన డక్ వ్యాలీ ఆదివాసీ పిల్లల్ని సైన్సు, లెక్కల వైపు నిజంగా లాగేది ఏమిటి అన్న ప్రశ్న పట్టుకుని, యాభై దాటిన వయసులో పరిశోధన చేసి 2014లో డాక్టరేట్ తెచ్చుకున్నాడు. పిల్లలకి రాకెట్ చూపించి చప్పట్లు కొట్టించుకుంటే సరిపోదని అతనికి తన బతుకే చెప్పి ఉంటుంది. 2016లో వచ్చిన అతని పిల్లల పుస్తకంలో అంతరిక్షానికి సంబంధించిన మాటలు చికసా భాషలో కూడా ఉన్నాయి.

ఇక మన దగ్గరి సంగతి. మనం టీవీలో చూసే రాకెట్లు ఎగిరేది శ్రీహరికోట నుంచి. పులికాట్ సరస్సుకీ సముద్రానికీ నడుమ ఉన్న ఆ దీవి యానాదులది. అడవిలో దుంపలు, తేనె, మందుచెట్లు, నీళ్లలో చేపలు, అదే వాళ్ల బతుకు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న అక్కడినుంచి మొదటి రాకెట్, రోహిణి-125, ఎగిరింది. ఈ నడుమ యానాది కుటుంబాలు ఎన్నో దీవి విడిచిపోవలసి వచ్చింది. చికసాలని తోలిన కథకి ఇది అచ్చంగా సాటి కాకపోవచ్చు, కానీ చదివినప్పుడు మాకు ముందు గుర్తొచ్చింది ఇదే. రాకెట్ గురించి చెప్పే ఏ పాఠంలోనూ మాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఇకమీద హాస్టల్ పిల్లలకి రాకెట్ గురించి చెప్పేటప్పుడు యానాదుల సంగతి కూడా కలిపే చెబుతాం.

ఈ ఎండాకాలం సెలవుల్లో మూడు గూడేల్లో తొమ్మిది, పది పిల్లలతో తాడు, కర్ర, కోణమానిని పట్టుకుని చింతచెట్ల ఎత్తు, గుట్టల ఎత్తు కొలిపించాలని అనుకుంటున్నాం. ఇంటర్ తప్పినవాళ్లని ముందు పిలుస్తాం. మనలో యానాది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఉంటే, దీవిలో మీ పెద్దలు బతికిన ఊళ్ల పేర్లు అవ్వాతాతల్ని అడిగి రాసి పంపండి.