దస్తావేజులో రాయని ధర

ఇళ్ల మార్కెట్ ఎటు పోతున్నదో తెలుసుకోవాలంటే ఎవరైనా మొదట చూసేది ధర. భారతదేశంలో దశాబ్దాలపాటు అన్నిటికంటే నమ్మరానిది ఆ ధరే. దస్తావేజులో రాసే మొత్తం ఒకటి, చేతులు మారే మొత్తం మరొకటి. కొన్నవారికి స్టాంపు డ్యూటీ తగ్గుతుంది, అమ్మినవారికి ఆదాయపు పన్ను తగ్గుతుంది. మిగతాది నల్లధనంగా నగదు రూపంలో ముడుతుంది.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. 1986లో ఆదాయపు పన్ను చట్టానికి 20-సి అధ్యాయం చేర్చి, పెద్ద నగరాల్లో ఒక పరిమితికి మించిన ఆస్తులను దస్తావేజు ధరకే తాను కొనేసే అధికారాన్ని కేంద్రం తీసుకున్నది. ధర తగ్గించి రాస్తే ఆస్తే పోతుందన్న భయం కలిగించడం దాని ఉద్దేశం. ఆలోచన చమత్కారమైనదే. కాని సంబంధితుల వాదన వినకుండా అలా కొనరాదని 1992లో సి.బి. గౌతమ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో ఆ అధ్యాయానికి కాలం చెల్లింది. దాని స్థానంలో వచ్చిన 50-సి సెక్షన్ ప్రకారం, దస్తావేజు ధర ప్రభుత్వ విలువకన్నా తక్కువగా ఉంటే ప్రభుత్వ విలువనే అమ్మకపు ధరగా లెక్కించడం మొదలైంది. అసలు ధరను వెతికే పని వదిలేసి, తాను కట్టిన విలువతోనే సర్కారు సరిపెట్టుకున్నదన్నమాట.

ఈ నేపథ్యంలోనే 2007లో జాతీయ గృహనిర్మాణ బ్యాంకు 'రెసిడెక్స్' అనే ధరల సూచీని ప్రారంభించింది. 2007ను 100గా తీసుకున్న ఆ లెక్కలో హైదరాబాద్ తర్వాతి కొన్నేళ్లు 100కు దిగువనే ఉండిపోయింది. ప్రపంచ ఆర్థిక సంక్షోభం ఒకవైపు, 2009 చివర ముదిరిన రాష్ట్ర విభజన వివాదం మరోవైపు. అయితే మార్కెట్ చల్లబడినప్పుడు యజమాని వెంటనే ధర తగ్గించడు, అమ్మకం వాయిదా వేసుకుంటాడు. అందుకే మొదట పడిపోయేది రిజిస్ట్రేషన్ల సంఖ్య. ధర ఆలస్యంగా దిగుతుంది. అమ్ముడుపోని ఫ్లాట్లు, గృహరుణాల వడ్డీ, బిల్డర్లకు అప్పు పుట్టే తీరు చూసేవారికి గాలి మార్పు ముందే తెలుస్తుంది. 2018 సెప్టెంబరు నాటికి ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ బాకీలు తీర్చలేక చేతులెత్తేయగానే బ్యాంకేతర ఆర్థిక సంస్థలకే నిధులు కరవయ్యాయి. వాటిపై ఆధారపడ్డ నిర్మాణాలకు ఊపిరి ఆడలేదు.

కొన్ని కష్టాలు ఏ సూచీకీ అందవు. ఆమ్రపాలి ప్రాజెక్టుల్లో డబ్బు కట్టి ఇల్లు చేతికి రాని కుటుంబాలు 40 వేలకు పైనే. 2019 జూలైలో సుప్రీంకోర్టు ఆ సంస్థ రెరా రిజిస్ట్రేషన్ రద్దుచేసి, మిగిలిన నిర్మాణాన్ని ప్రభుత్వ రంగ ఎన్‌బీసీసీకి అప్పగించింది. ఒకవైపు రుణ వాయిదా, మరోవైపు అద్దె కడుతూ గడిపిన ఆ ఏళ్లు చదరపు అడుగు ధరలో కనిపించవు.

అంతకన్నా పెద్ద లెక్క మరొకటుంది. 2011 జనగణనలో దేశంలోని పట్టణాల్లో సుమారు 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా తేలాయి. మరుసటి ఏడాది కేంద్రం నియమించిన సాంకేతిక బృందం పట్టణాల్లో 1.88 కోట్ల ఇళ్ల కొరత ఉన్నదని అంచనా వేసింది. ఆ కొరతలో 95 శాతానికి పైగా పేద, అల్పాదాయ వర్గాలదే. తాళం వేసిన ఇంటికీ, ఇల్లు లేని మనిషికీ మధ్య ఉన్న దూరాన్ని రాజకీయ పక్షాలు మార్కెట్ భాషలో చర్చించడం అరుదు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడడంతో, ఖాళీ ఇళ్ల లెక్క ఏళ్ల తరబడి 2011 దగ్గరే ఆగిపోయింది.