కణముల గురుకులము

1843వ సంవత్సరమున రాబర్టు నోబిల్ దొర బందరులో ఆంగ్లపాఠశాలను స్థాపించెను. 1910లో అదే పట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది. గుడివాడ ప్రాంతమునుండియు, కృష్ణపాయకు ఆవలనున్న దివిసీమనుండియు పిల్లలు చదువులకై బందరు చేరుచుండిరి. బడిలో కూర్చున్న బాలుని జూచి, వీడు బడిలోనే పుట్టినాడని యెవరును తలపరు. కాని మన దేహమునందలి యొక చిన్న బడిని గూర్చి పండితులలో కొందరు చిరకాలము అట్టి భ్రమలోనే యుండిరి. ఆ చరిత్రమును పాఠకులకు విన్నవింప దలచితిమి.

ఆ బడి పేరు థైమసు గ్రంథి. రొమ్మెముకకు వెనుక, గుండెకు పైభాగమున నుండును. బాల్యమున పెద్దదై, యౌవనమునుండి క్రమముగా కృశించును. అందుచే పెక్కురు దీనిని నిరుపయోగమైన యవశేషముగా నెంచిరి. 1961లో లండనున జాక్ మిల్లరు అప్పుడే పుట్టిన చిట్టెలుకలనుండి ఈ గ్రంథిని తొలగించి చూచెను. అవి రోగములకు తాళలేకపోయెను. పరాయి యెలుక చర్మము నతికించినను త్రోసివేయజాలకపోయెను. దేహరక్షణకు ఈ గ్రంథి యెంత ముఖ్యమో అప్పుడు తేటపడినది. ఇచట తయారగు రక్షకులే టీ కణములు. ఆ 'టీ' థైమసు పేరులోని మొదటి యక్షరమే.

ఐనను ఈ కణముల పుట్టిల్లేది? గ్రంథిలోని కణజాలమే వీనిగా మారునని కొందరు వాదించిరి. 1967లో మూరు, ఓవెను అను శాస్త్రజ్ఞులు కోడిగ్రుడ్లలోని రెండేసి పిండముల నెత్తుటి నాళములు కలిసి పెరుగునట్లు చేసిరి. ఆడపిండపు క్రోమోసోములకును మగపిండపువానికిని భేదము గలదు. ఆ గుర్తుపట్టి చూడగా, ఒకదాని కణములు రెండవదాని థైమసులో కాపురముండెను. అవి నెత్తుటి త్రోవను వెలుపలినుండి వచ్చినవని రుజువైనది. 1970వ దశకమున నికోల్ ల ద్వారే అను ఫ్రెంచి విదుషి కౌజుపిట్ట థైమసు మొలకను కోడిపిండమున నాటి పరిశీలించెను. కణములు ఎడతెగక గాక, విడతలు విడతలుగా ప్రవేశించునని ఆమె పరిశోధనలవలన తెలిసినది.

ఇక ప్రవేశ విధానము. ఎముకల మూలుగలో పుట్టిన పూర్వకణములు నెత్తుటిలో కొట్టుకొనివచ్చి థైమసులోని సూక్ష్మసిరల గోడను జేరును. ఆ గోడనున్న సెలెక్టిను అను మాంసకృత్తు వానిని తగిలి వేగము తగ్గించును. అవి గోడవెంట మెల్లగా దొరలును. గ్రంథి వెలువరించు కీమోకైను లను పదార్థములు వానికి పిలుపు. ఆ పిలుపు నందుకొను గ్రాహకములు గల కణములు గోడ నంటి నిలిచి, దానిని దాటి లోపలి కేగును. అచట 'నాచ్' అను సంకేతము తగిలినపిదప తక్కిన దారులు క్రమముగా మూసికొనిపోయి, అవి టీ కణములగు మార్గమున బడును.

తరువాత పరీక్షలు. స్వదేహపు గుర్తులను బొత్తిగా పట్టజాలనివి నశించును. స్వదేహముమీదనే తీవ్రముగా తిరుగబడునవియు పెక్కు నశించును. నూటికి అయిదైనను ఉత్తీర్ణములై వెలికి రావు.

ఉపాధ్యాయులమగుటచే మాకిందు రెండు మాటలు తోచినవి. మూలుగ విడిచి వచ్చునాటికి ఆ పూర్వకణము ఇంకను టీ కణము కాదు. దాని నట్లు చేసినది గురుకులము. ఫలానా యింటి బిడ్డకు చదువేమి వచ్చునని నేటికిని పెదవి విరుచువారు దీనిని తలపోయవలెను. రెండవ మాట కష్టమైనది. దేహము తప్పిన కణమును చంపుకొనును. చంపనిచో తన్ను తానే కరచుకొను నపాయము గలదు. సంఘమున కట్టి నిర్బంధము లేదు. ఒకమారు తప్పిన బాలుడు మరుసటి యేడు అదే బల్లమీద కూర్చుండవచ్చును. వానికి చోటుంచుట మన పని.