ఓడపై నీడ - మన గోగునార

మండుటెండలో రేవున ఆగిన తెరచాప ఓడపై నిలువనీడ ఉండదు. బల్లలు కాలును, వాటి సందులలోని తారు మెత్తబడును. అందువలన నావికులు మందపు కాన్వాసుతో పందిరి వేసెడివారు. రెండు తెరచాప కొయ్యల నడుమ మోకు బిగించి, దానిపై గుడ్డను ఇరువైపులకు జారవిడిచి, అంచులను ఓడ కమ్మీలకు కట్టుట దాని పద్ధతి. అంచు మడిచి లోపల త్రాడు పెట్టి కుట్టనిచో, కట్లు ఉన్నచోటనే గాలికి గుడ్డ చినుగును. నీడకు గుడ్డ ఎంత అవసరమో, నార కూడ అంత అవసరము.

కాన్వాసు అను మాటకు మూలము గంజాయి జాతి మొక్కకు లాటిను భాషలోని పేరు 'కన్నాబిస్'. మన గోగుకు శాస్త్రజ్ఞులు పెట్టిన 'హైబిస్కస్ కన్నాబినస్' అను పేరులోను ఆ మాటయే ఉన్నది. చీపురుపల్లి ప్రాంతపు రైతులకు గోగు చిరపరిచితము. ఆకు పులుసుకూరకు, కాడలు నానవేసి తీసిన నార త్రాళ్లకు, గోనెలకు.

ప్రపంచ విపణిలో ఈ నారకు 'బిమ్లిపటం జూట్' అని పేరు. భీమునిపట్నము డచ్చివారి నుండి 1825లో ఇంగ్లీషువారికి దక్కినది. 1890ల నాటికి చీపురుపల్లి మీదుగా రైలుమార్గము వచ్చినది. 1933లో విశాఖ హార్బరు తెరువబడినది. భీమిలి రేవు వెనుకబడినది.

నేడు పడవలపై కృత్రిమ నూలు గుడ్డలు, త్రాళ్లు వచ్చినవి. పందిరి కట్టు పద్ధతి మాత్రము మారలేదు. నారకు రేవు పేరు దక్కినది. మోకాలిలోతు నీటిలో నిలిచి దానిని ఒలిచిన పల్లెలకు ఆ పేరులో చోటు దక్కలేదు. వాటిని మనమైన స్మరింపవలెను.