పాత కార్లు, పాడుబడ్డ రన్‌వేలు

మా క్లాసులో ఇప్పుడు 'డ్రిఫ్టింగ్' అనే మాట తెలియనివాళ్లు లేరు. ఫోన్లో చూస్తా ఉంటారు. పాత బి.ఎం.డబ్ల్యూ. కారు ఒకటి మలుపులో అడ్డంగా తిరిగి, వెనక చక్రాల నుంచి తెల్లటి పొగ లేపుకుంటూ, పక్కవాటుగానే ముందుకు పోతుంది. ఇది ఎక్కడ పుట్టింది, పాత కార్లతోనే ఎక్కువగా ఎందుకు చేస్తారు అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. అందుకే చరిత్ర వ్యాసానికి నేను ఈ అంశం తీసుకున్నాను. చదివే కొద్దీ నాకు ఒక సంగతి తెలిసింది. కారు పందేలు చాలా చోట్ల ఎదిగింది ఎవరికీ అక్కరలేదని వదిలేసిన నేల మీద, పాతబడిందని పక్కన పెట్టిన కార్లతో. వాటిని పనికి తెచ్చింది చేతి పని తెలిసిన మనుషులు. మన కె.జి.ఎఫ్.కు ఈ కథ అందుకే దగ్గరిది.

జారడం ఎట్లా?

ఇసుక పడిన వీధిలో సైకిలు తొక్కుతూ వెనక బ్రేకు గట్టిగా పడితే వెనక చక్రం పక్కకు జారుతుంది. పడిపోకుండా ఉండాలంటే హ్యాండిల్ అటువైపే తిప్పుతాం. డ్రిఫ్టింగ్‌లో ఉండేదీ ఇదే. కారు మలుపు తిరిగేటప్పుడు వెనక టైర్లు పట్టు వదిలేటట్టు చేస్తారు. తోక బయటికి పోతుంది. డ్రైవరు స్టీరింగును మలుపుకు ఎదురు దిక్కుకు తిప్పి, యాక్సిలరేటరుతో ఆ జారుడును ఆపకుండా, పెరగకుండా పట్టి ఉంచుతాడు. ఇంజిను బలం వెనక చక్రాలకు పోయే కారైతేనే ఇది బాగా కుదురుతుంది. ఇప్పటి చిన్న కార్లలో చాలా వాటికి బలం ముందు చక్రాలకే పోతుంది. పాత కార్ల మీద ఇష్టానికి మొదటి కారణం ఇదే.

యూరప్‌లో మొదటి అడుగులు

1930లలో ఇటలీ డ్రైవరు టాజియో నువోలారి నాలుగు చక్రాలూ కొద్దికొద్దిగా జారేటట్టు మలుపులు తీసేవాడని పేరు. అప్పటి టైర్లు సన్నగా ఉండేవి, పట్టు తక్కువ. కాబట్టి జారడాన్ని అదుపులో పెట్టుకున్నవాడే ముందు పోయేవాడు. 1935లో జర్మనీ గ్రాండ్ ప్రీలో నువోలారి అప్పటికే పాతబడిన ఆల్ఫా రోమియో కారుతో, అంతకంటే బలమైన మెర్సిడెస్, ఆటో యూనియన్ కార్లను ఓడించాడు. 1957లో అదే నూర్‌బుర్గ్‌రింగ్ ట్రాకులో అర్జెంటీనాకు చెందిన ఫాంజియో మాసెరాటి 250ఎఫ్ కారుతో వెనకబడి కూడా ఫెరారీలను దాటి గెలిచాడు. తర్వాత టైర్లు వెడల్పయ్యాయి, పట్టు పెరిగింది. జారితే వేగం తగ్గుతుంది కనుక రేసుల్లో జారడం తగ్గిపోయింది. మట్టి దారుల ర్యాలీల్లో మాత్రం నిలిచింది.

ఇంగ్లండులో రెండో ప్రపంచయుద్ధం ముగిశాక చాలా విమానాల మైదానాలు ఖాళీగా మిగిలిపోయాయి. అట్లాంటి సిల్వర్‌స్టోన్ మైదానంలో 1948లో గ్రాండ్ ప్రీ పెట్టారు. 1950లో ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ మొదటి రేసు జరిగింది కూడా అక్కడే. గుడ్‌వుడ్ ట్రాకు కూడా యుద్ధకాలపు విమానాల మైదానమే. 1998 నుంచి అక్కడ పాత కార్లకే ప్రత్యేకంగా పందేలు పెడుతున్నారు. సన్నటి టైర్ల మీద ఆ కార్లు ఈనాటికీ జారుకుంటూనే మలుపు తిరుగుతాయి.

జపాన్ కొండ దారులు

జారడమే ఒక ఆటగా మారింది జపాన్‌లో. 1970లలో కునిమిత్సు తకహాషి అనే రేసు డ్రైవరు మలుపుల్లో కారును జార్చే తీరు చూసి జనం మెచ్చుకున్నారు. ఆయన్ని చూసి కెయిచి త్సుచియా అనే యువకుడు కొండ దారుల్లో సాధన చేశాడు. ఆయన కారు టయోటా వాళ్ల ఏఈ86, చిన్నది, ఎక్కువ ఖరీదు లేనిది, వెనక చక్రాలతో నడిచేది. 2001 నుంచి జపాన్‌లో డి1 గ్రాండ్ ప్రీ అనే పోటీలు వరసగా జరిగాయి. 2004లో అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్ మొదలైంది. ఇందులో ఎవరు ముందు వచ్చారని చూడరు. ఏ కోణంలో, ఏ దారిలో, ఎంత అదుపుతో జారారని చూసి మార్కులు వేస్తారు.

పాత కారుకు చేసే మార్పులు

యూరప్‌లో ఈ ఆటకు ఎక్కువగా దొరికినవి 1980ల, 90ల బి.ఎం.డబ్ల్యూ. కార్లు. వాటిని ఇ30, ఇ36 అంటారు. వెనక చక్రాల బలం, ముందూ వెనకా ఇంచుమించు సమానంగా ఉండే బరువు, సులువుగా దొరికే సామాన్లు, ఇవీ కారణాలు. పోర్షే 944ను వాడేవాళ్లూ ఉన్నారు.

మొదటి మార్పు డిఫరెన్షియల్‌లో. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలి చక్రం తక్కువ. ఆ తేడాను సర్దేదే డిఫరెన్షియల్. అయితే పట్టు తప్పిన చక్రం ఒక్కటే ఉత్తగా తిరిగిపోయి, రెండోదానికి చాలినంత బలం అందదు. అందుకని రెండు చక్రాలూ కలిసి తిరిగేటట్టు 'లిమిటెడ్ స్లిప్' రకం పెడతారు, డబ్బు లేనివాళ్లు లోపలి పళ్లను వెల్డింగ్ చేసేస్తారు. రెండోది స్టీరింగు. ముందు చక్రాలు మామూలు కంటే ఎక్కువ తిరిగేటట్టు వాటి దగ్గరి భాగాలను మారుస్తారు. మూడోది, వెనక చక్రాలను క్షణంలో పట్టి వదలడానికి పొడుగాటి హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేకు. తర్వాత గట్టి స్ప్రింగులు, పెద్ద రేడియేటరు. లోపలి సీట్లు తీసేసి బరువు తగ్గిస్తారు. కారు బోల్తా పడితే డ్రైవరు నలిగిపోకుండా ఇనుప గొట్టాల పంజరం బిగిస్తారు. వీడియోలో పొగ కనిపిస్తుంది, ఈ పంజరం ఎవరి కంటికీ ఆనదు.

మన దక్షిణాదిలో

మద్రాసు నుంచి నెల్లూరు పోయే దారిలో షోలవరం ఉంది. యుద్ధకాలంలో కట్టిన రన్‌వే అక్కడ ఖాళీగా పడి ఉండేది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఆ రన్‌వే మీద రేసులు నడిపింది. అవి డ్రిఫ్టింగ్ పోటీలు కావు, వేగం పందేలే. అయితే పాత యూరప్ కార్లను చేతి పనితో మార్చే విద్య మన దగ్గర పెరిగింది అట్లాంటి చోటే.

ఆ రోజుల్లో విదేశీ కారు తెప్పించుకోవడం చాలా కష్టం. ఇక్కడ తయారయ్యేవే దిక్కు. ఇటలీ ఫియట్ 1100, ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన అంబాసిడర్, 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. మూడూ యూరప్ కార్లే, మూడూ వెనక చక్రాల బలంతో నడిచేవే. మన స్టాండర్డ్ హెరాల్డ్‌కు మూలం ఇంగ్లండులోని ట్రయంఫ్ హెరాల్డ్. ఆ హెరాల్డ్ అడుగు చట్రాన్నే కురచ చేసి 1962లో అక్కడ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. అంటే మన ఊళ్లలో డాక్టర్లు, లాయర్లు తిరిగిన హెరాల్డ్ ఒక స్పోర్ట్స్ కారుకు తోబుట్టువన్నమాట!

కోయంబత్తూరులో తెలుగు మాట్లాడే లక్ష్మీ మిల్స్ కుటుంబం నుంచి వచ్చిన ఎస్. కరివర్ధన్ షోలవరంలో రేసులు నడిపాడు. తర్వాత మారుతి 800 భాగాలతో ఫార్ములా మారుతి అనే ఒంటి సీటు రేసు కారు తయారుచేశాడు. చిన్న కుర్రాళ్లు తక్కువ ఖర్చుతో రేసు నేర్చుకోవడానికి అది దారి చూపింది. 1995లో విమాన ప్రమాదంలో ఆయన చనిపోయాడు. ఆయన పేరుతో 2003లో కోయంబత్తూరు దగ్గర వచ్చిన కరి మోటార్ స్పీడ్‌వే కూడా ఒకప్పుడు చిన్న విమానాల రన్‌వేనే. ఆంధ్రకు బయట ఉన్న తెలుగువాళ్లం మనం కూడా. అందుకే ఈ పేరు మన పిల్లలకు తెలియాలని నా కోరిక.

మరి మన ఊరు?

1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా ఇక్కడ బంగారం ఒక్కటే తయారు కాలేదు. ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు తయారయ్యారు. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చిన ఊరు ఇది. 1964లో మొదలైన బి.ఇ.ఎం.ఎల్. ఇక్కడ బుల్డోజర్లు చేస్తోంది. మా తాత మైన్స్ వర్క్‌షాపులో ఫిట్టరు. "సామాను దొరకలేదని మిషను ఆపితే కింద మనుషులు ఉండారు కదా నాయనా, అందుకే మేమే చేసుకునేవాళ్లం" అని చెప్తా ఉంటాడు. దొరకని భాగాన్ని లేత్ మీద తిప్పి, ఆకురాయి పట్టి సరిచేసే ఆ విద్యే కారును మార్చే విద్య కూడా.

ఇంకో నిజం కూడా చెప్పాలి. మా వీధి అన్న ఒకరు రాత్రిపూట ఖాళీ రోడ్డు మీద బైకు జార్చబోయి కాలు విరగ్గొట్టుకున్నాడు. రోజూ తెల్లవారి రైలెక్కి బెంగళూరు పనికి పోయేవాడు, ఎనిమిది నెలలు మంచం మీద ఉన్నాడు. ఇల్లు గడవడానికి వాళ్లమ్మ నగలు కుదువ పెట్టింది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం నేరం. కంపెనీ చేసిన బండిని ఇష్టం వచ్చినట్టు మార్చి రోడ్డెక్కించడమూ నేరమే. సైనైడ్ దిబ్బల మీదికి బండ్లు ఎక్కించడం కూడా తగదు. అక్కడి దుమ్ము ఇసుక లాంటిది కాదు, విషపు మందుతో బంగారం తీశాక మిగిలిన పొడి. వదిలేసిన నేలంతా ఆటస్థలం కాదు. షోలవరంలో కూడా క్లబ్బు, నియమాలు ఉండబట్టే ఆట నిలిచింది.

మన కోలారు జిల్లాలోనే డకార్ ర్యాలీ పూర్తిచేసిన మొదటి భారతీయుడు సి.ఎస్. సంతోష్ పెట్టిన బిగ్ రాక్ డర్ట్ పార్కు ఉంది. అక్కడ కంచె లోపల, హెల్మెట్టు, కవచాలతో మట్టి మీద బైకు నడపడం నేర్పుతారు. కార్లకూ అట్లాంటి చోటు ఒకటి, దానికి ఆనుకుని ఒక వర్క్‌షాపు మన ఊళ్లో వస్తే ఎంత బాగుంటుంది! అది వచ్చినా రాకపోయినా ఒక పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. మైన్స్ మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. లేత్ పని తెలిసిన తాతలు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. సెలవుల్లో వాళ్ల దగ్గర కూర్చుని ఆకురాయి పట్టడం, వెల్డింగ్ చేయడం నేర్చుకుందాం. పాత కార్లు ఎక్కడైనా దొరుకుతాయి, ఆ చేతుల్లోని పని మాత్రం వాళ్లతోనే పోతుంది.