పెద్ద, చిన్న విహార నౌకలు

విహార నౌక లేదా క్రూజ్ షిప్పు అనగా ప్రయాణికులను ఒక చోటి నుండి మరొక చోటికి చేర్చడం ముఖ్యోద్దేశంగా కాక, ప్రయాణాన్నే విహారంగా అందించడానికి నడిపే ఓడ. బస, భోజనం, వినోదం ఓడలోనే ఉంటాయి. దారిలోని రేవులలో ఓడ ఆగినపుడు ప్రయాణికులు దిగి ఊరు చూసి తిరిగి వస్తారు. వంద మందికి మాత్రమే చోటున్న ఓడలు మొదలుకొని ఏడు వేల మందికి పైగా పట్టే ఓడల వరకు అన్నింటినీ ఈ పేరుతోనే పిలుస్తారు. అయితే ఓడ పరిమాణాన్ని బట్టి ఖర్చు, చూడగలిగే రేవులు, సముద్రపు కుదుపు, ఆపద సమయంలో రక్షణ, రేవు పట్టణాలపై పడే భారం మారిపోతాయి. అందువలన విహారయాత్రను ఎంచుకొనేవారికి ఓడ పరిమాణం ముఖ్యమైన విషయం.

పరిమాణాన్ని కొలిచే విధానం

విహార నౌకల పరిమాణాన్ని స్థూల టన్నేజిలో చెబుతారు. పేరులో టన్ను ఉన్నా ఇది బరువు కాదు. ఓడ లోపలి మొత్తం ఘనపరిమాణం ఆధారంగా లెక్కించే సంఖ్య. 1969లో కుదిరి 1982లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం దీనిని లెక్కిస్తారు.

స్థూల టన్నేజిని ప్రయాణికుల సంఖ్యతో (గదికి ఇద్దరి చొప్పున) భాగిస్తే ఒక్కొక్కరికి ఎంత చోటు లభిస్తుందో తెలుస్తుంది. ఉదాహరణకు ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే ఓడ 2,48,663 టన్నులది. ప్రయాణికులు 5,610 మంది. కనుక ఈ నిష్పత్తి సుమారు 44. వైకింగ్ స్టార్ అనే ఓడ 48 వేల టన్నుల లోపే ఉన్నా ప్రయాణికులు 930 మందే కావడంతో నిష్పత్తి 51 దాటుతుంది. అనగా ఓడ పెద్దదైనంత మాత్రాన మనిషికి దక్కే చోటు పెరుగుతుందని చెప్పలేము.

చిన్న, పెద్ద అనే విభజనకు అందరూ అంగీకరించిన హద్దులు లేవు. వెయ్యి మంది లోపు ప్రయాణికులు గలవాటిని చిన్నవిగాను, రెండున్నర వేలకు మించినవాటిని పెద్దవిగాను భావించడం వాడుకలో ఉంది.

చరిత్ర

1891లో హాంబర్గ్ అమెరికా లైన్ అనే జర్మన్ సంస్థ, చలికాలంలో అట్లాంటిక్ ప్రయాణికులు తగ్గడం వలన, తన అగస్టా విక్టోరియా ఓడను మధ్యధరా సముద్రంలో విహారయాత్రకు పంపింది. విహారం కోసమే కట్టిన మొదటి ఓడగా పేరొందిన ప్రింజెసిన్ విక్టోరియా లూయీజెను అదే సంస్థ 1900లో జలప్రవేశం చేయించింది. 1950ల చివర జెట్ విమానాలు రావడంతో అట్లాంటిక్ దాటేవారు ఓడలను వదిలివేశారు. ఓడల సంస్థలకు విహారయాత్రలే ఆధారమయ్యాయి.

ఆ తరువాత ఈ రంగం రెండు దారులలో సాగింది. 1969లో ధ్రువ ప్రాంతాల యాత్రల కోసం లిండ్‌బ్లాడ్ ఎక్స్‌ప్లోరర్ అనే చిన్న ఓడ వచ్చింది. మరోవైపు 1988లో 73 వేల టన్నుల సావరిన్ ఆఫ్ ద సీస్, 2009లో 2,25,000 టన్నులు దాటిన ఒయాసిస్ ఆఫ్ ద సీస్, 2024లో ఐకాన్ ఆఫ్ ద సీస్ వచ్చాయి. 1912లో మునిగిన టైటానిక్ సుమారు 46 వేల టన్నులది. అప్పటి కొలత పద్ధతి కొంత వేరైనా, ఐకాన్ దానికి అయిదు రెట్లకు పైగా పెద్దదని చెప్పవచ్చును.

పెద్ద నౌకలు

ఓడకు కెప్టెను, ఇంజను సిబ్బంది, వంటశాల, ఇంధనం ఎలాగూ కావాలి. ఈ ఖర్చు వేల మందికి పంచబడుతుంది కనుక పెద్ద ఓడలలో టిక్కెట్టు ధర తక్కువగా ఉంటుంది. అయితే పానీయాలు, కొన్ని భోజనశాలలు, రేవులలో చూపించే యాత్రలు సాధారణంగా విడిగా కొనవలసినవి. సంస్థల రాబడిలో వీటిది పెద్ద భాగం.

ఈత కొలనులు, నాటకశాలలు, పిల్లల ఆటస్థలాలు ఉండడం వలన తాత నుండి మనుమల వరకు కలిసి వెళ్ళే కుటుంబాలకు ఇవి అనుకూలం. పొడవు, బరువు ఎక్కువ కావడంతో మామూలు అలలకు అంతగా ఊగవు. ఎక్కేటపుడు, దిగేటపుడు పొడవైన వరుసలలో నిలబడవలసి రావడం, లోతైన రేవులకే వెళ్ళగలగడం వీటి లోపాలు. రేవు చాలనిచోట దూరంగా లంగరు వేసి చిన్న పడవలలో జనాన్ని ఒడ్డుకు చేరుస్తారు. వేల మంది ఉన్నపుడు దీనికే చాలా సమయం పోతుంది.

చిన్న నౌకలు

చిన్న ఓడలు లోతు తక్కువ రేవులకు, ఇరుకైన కాలువలకు వెళ్ళగలవు. గ్రీసులోని కోరింత్ కాలువ అడుగున 21 మీటర్ల వెడల్పు మాత్రమే ఉంటుంది. 2019లో బ్రేమార్ అనే 195 మీటర్ల ఓడ దీనిని దాటడమే గొప్ప వార్త అయింది. ఐకాన్ పొడవు సుమారు 365 మీటర్లు.

అంటార్కిటికాలో ఈ తేడా మరింత స్పష్టం. 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడలు అక్కడ ఎవరినీ ఒడ్డున దించరాదు. ఒక స్థలంలో ఒకేసారి వంద మందికి మించి దిగరాదు. కనుక పెద్ద ఓడలో వెళ్ళినవారు ఆ ఖండాన్ని దూరం నుండి చూడగలరే గాని దానిపై కాలు మోపలేరు.

ధర ఎక్కువగా ఉండడం, వినోదం తక్కువ కావడం, అలలకు ఎక్కువగా ఊగడం చిన్న ఓడల లోపాలు. కడుపులో తిప్పే స్వభావం గలవారు ఏ ఓడలోనైనా మధ్యభాగంలో, కింది అంతస్తు గదిని ఎంచుకోవడం మేలు. కుదుపు అక్కడే తక్కువ.

భద్రత

టైటానిక్ ప్రమాదం తరువాత 1914లో సముద్రంలో ప్రాణరక్షణకై అంతర్జాతీయ ఒప్పందం ఏర్పడింది. తరువాత పలుమార్లు సవరించబడిన ఈ ఒప్పందం, పన్నెండు మందికి మించి ప్రయాణికులతో అంతర్జాతీయ యాత్ర చేసే అన్ని ఓడలకూ వర్తిస్తుంది.

పరిమాణం ఒక్కటే భద్రతను నిర్ణయించదని రెండు ప్రమాదాలు తెలుపుతాయి. 2007 నవంబరులో అంటార్కిటికా వద్ద ఎక్స్‌ప్లోరర్ (పైన చెప్పిన లిండ్‌బ్లాడ్ ఎక్స్‌ప్లోరర్) మంచుకు తగిలి మునిగింది. మరొక ఓడ సమయానికి చేరడంతో 154 మందీ బ్రతికారు. 2012 జనవరి 13న ఇటలీలోని జిల్యో దీవి ఒడ్డుకు అతి సమీపంలో కోస్తా కాంకోర్డియా రాతిని ఢీకొని ఒరిగింది. 1,14,000 టన్నుల ఆ ఓడలోని 4,229 మందిలో 32 మంది మరణించారు. ఆ రోజే ఎక్కిన ప్రయాణికులకు ఆపద వేళ ఎక్కడికి చేరాలో చూపే కసరత్తు అప్పటికి జరగలేదు. ఓడ బయలుదేరే ముందు గాని, వెనువెంటనే గాని ఈ కసరత్తు జరపాలనే నిబంధన 2015లో అమలులోకి వచ్చింది.

అంటువ్యాధుల విషయంలో జనం ఎక్కువైన కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. 2020 ఫిబ్రవరిలో జపానులోని యొకొహామా వద్ద నిలిపివేయబడిన డైమండ్ ప్రిన్సెస్‌లో 3,711 మంది ఉండగా 700 మందికి పైగా కోవిడ్ సోకింది. ఓడలోని 138 మంది భారతీయులలో 132 మంది సిబ్బందే.

రేవు పట్టణాలు

ఒకే ఉదయం వేల మంది దిగడం చిన్న పట్టణాలకు ఆదాయమే గాక భారం కూడా. 2021 ఆగస్టు నుండి వెనిస్ నగరపు ముఖ్య కాలువలోకి 25,000 టన్నులు లేదా 180 మీటర్లు మించిన ఓడలను ఇటలీ అనుమతించడం లేదు. అమెరికాలోని కీ వెస్ట్ ప్రజలు 2020లో పెద్ద ఓడలను పరిమితం చేయాలని ఓటు వేశారు. మరుసటి ఏడే ఫ్లోరిడా రాష్ట్ర చట్టం ఆ తీర్పును రద్దు చేసింది. అలాస్కాలోని జూనో పట్టణం 2024 నుండి రోజుకు అయిదు పెద్ద ఓడలకే హద్దు పెట్టింది.

భారతదేశంలో

2021లో ముంబై నుండి యాత్రలు ప్రారంభించిన ఎంప్రెస్ అనే ఓడ 48,563 టన్నులది. 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో మొదలైన ఈ ఓడ నేటి లెక్కలో మధ్యరకానిది. 2022 జూన్‌లో ఇది విశాఖపట్నం నుండి పుదుచ్చేరి, చెన్నై యాత్రలు చేసింది. 2023లో విశాఖ ఓడరేవులో విహార నౌకల టెర్మినల్ ప్రారంభమైంది. నదీ విహారంలో, 2023 జనవరిలో వారణాసి నుండి డిబ్రూగఢ్‌కు 51 రోజుల యాత్రపై బయలుదేరిన గంగా విలాస్‌లో 36 మందికే చోటుంది.

గోదావరిపై పాపికొండలకు నడిచే లాంచీలు విహార నౌకల కోవలోకి రావు. పైన చెప్పిన సముద్ర ఒప్పందం వాటికి వర్తించదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద 77 మందితో వెళ్తున్న లాంచీ మునిగి సుమారు 50 మంది మరణించారు. నది మీదనైనా రక్షణ కోటు ధరించిన తరువాతే ప్రయాణం మొదలుపెట్టడం అవసరం.

ఎంపికలో గమనించవలసినవి

* టిక్కెట్టు ధరలో ఏవేవి కలిసి ఉన్నాయి, ఏవి విడిగా కొనాలి
* ఓడ రేవుకు ఆనుకొని నిలుస్తుందా, పడవలలో ఒడ్డుకు చేరాలా
* ఒక్కొక్క రేవులో ఎన్ని గంటలు ఆగుతుంది
* ఓడలో వైద్యుడు, చికిత్స ఏర్పాట్లు, వృద్ధులకు లిఫ్టు ఉన్నాయా
* శాకాహార భోజనం దొరుకుతుందా

ఇవి కూడా చూడండి

* ఓడ
* టైటానిక్
* విశాఖపట్నం ఓడరేవు
* పాపికొండలు