గాన్ హోమ్

గాన్ హోమ్ అనునది అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆరెగాన్ రాష్ట్రమందలి పోర్ట్‌లాండ్ నగరమున నెలకొన్న ఫుల్‌బ్రైట్ కంపెనీ యను చిన్న సంస్థ 2013 ఆగస్టు 15వ తేదీన వెలువరించిన కథాప్రధానమైన వీడియో గేమ్. రెండు మూడు గంటలలో ముగియు ఈ స్వల్పకృతిని విమర్శకులు విశేషముగా కొనియాడగా, క్రీడాకారులలో పెక్కురు అంత తీవ్రముగనే నిరసించిరి.

సంస్థాపకులైన స్టీవ్ గేనర్, కార్లా జిమోంజా, జానెమన్ నోర్డ్‌హేగన్ అనువారు, బయోషాక్ 2 అను ప్రసిద్ధక్రీడకు అనుబంధముగా 2010లో వెలువడిన మినర్వాస్ డెన్ నిర్మాణమున కలసి పనిచేసినవారు. అట్టి క్రీడలలో శత్రువులను తుపాకులతో నెదుర్కొనుట ప్రధానము. గది గదికి తిరిగి, జనులు విడిచిపోయిన వ్రాతలను చదివి జరిగిన కథను ఊహించుకొనుట రెండు పోరాటముల నడుమ లభించు విశ్రాంతి మాత్రమే. ఆ విశ్రాంతినే సమగ్రమైన క్రీడగా మలచిన నెట్లుండునో చూడవలెనని వీరు పెద్ద సంస్థలను వీడి, ఒక యింట కలసి నివసించుచు, అందే పనికి పూనుకొనిరి. మనుష్యాకృతులను నిర్మించి నడిపించుటకు వలయు ధనమును జనమును లేకపోవుటచే, మనుష్యులే కానరాని ఖాళీ యింటిని రంగస్థలముగ నెన్నుకొనిరి. తరువాత వచ్చి చేరిన కేట్ క్రెయిగ్ ఆ యింటి గదులను, అందలి సామగ్రిని రూపొందించెను. పేదరికము విధించిన యీ నియమమే కృతికి ప్రాణమైనదని చెప్పక తప్పదు.

కథాకాలము 1995 జూన్. ఐరోపా పర్యటన ముగించుకొని అర్ధరాత్రి వేళ, ఉరుములతో కూడిన వానలో, తాను మునుపెన్నడును చూడని క్రొత్త యింటికి కేట్లిన్ గ్రీన్‌బ్రయర్ అను యువతి చేరుకొనును. లోన నెవరును లేరు. తన్ను వెదకవలదని చెల్లెలు సమాంతా వ్రాసిన చీటి మాత్రము వాకిటి తలుపునకు అంటించి యుండును. దీపములు వెలిగించుచు, సొరుగులు తెరచుచు, ఉత్తరములను కేసెట్లను చేతబట్టి త్రిప్పి చూచుచు పోగా, సమాంతాకును లానీ యను సహాధ్యాయినికిని నడుమ మొలకెత్తిన ప్రేమ, దానిని తల్లిదండ్రులు అంగీకరింపకపోవుట, తండ్రి రచనావ్యాసంగము విఫలమగుట, తల్లిదండ్రుల దాంపత్యమున బుట్టిన యెడబాటు క్రమముగ తెలియవచ్చును. చంపవలసిన శత్రువు లేడు, చచ్చుటయు లేదు. ఇంకను ఇంటర్నెట్టును సెల్‌ఫోనును ఇండ్లలో వ్యాపింపని కాలమును ఎన్నుకొనుటచేతనే కాగితముపై నింతటి కథ మిగులుట సహజముగ నున్నది.

వీడియో గేమ్‌లను సమీక్షించు పాలిగన్ పత్రికలో డేనియెల్ రియెండో 10కి 10 మార్కులిచ్చెను. ఆ పత్రికయే దీనిని 2013వ సంవత్సరపు ఉత్తమక్రీడగ ప్రకటించెను. సమీక్షల మార్కులను క్రోడీకరించు మెటాక్రిటిక్ లెక్కలో విమర్శకుల సగటు 100కి 86 కాగా, అచటనే క్రీడాకారులిచ్చిన మార్కులు అందుకు చాల దిగువన నిలిచినవి. 2014లో బ్రిటన్‌కు చెందిన బాఫ్టా సంస్థ తొలికృతి బహుమానము నొసగెను.

నిరసించినవారి ఆక్షేపణలన్నియు ఒకే తరగతివి కావు. గెలుపోటములు లేనిది క్రీడయే కాదని కొందరు వాదించి, 2012లో విపణికి వచ్చిన డియర్ ఎస్తర్ అను క్రీడ నాటికే ప్రచారములో నున్న ‘వాకింగ్ సిమ్యులేటర్’ అను పేరును దీనికిని తిరస్కారబుద్ధితో తగిలించిరి. దారి తెలిసినవాడు కొలది నిమిషములలోనే చివరకు చేరగలడని నిరూపించి చూపిరి. పుటలన్నియు త్రిప్పివేసి నవలను క్షణములో ముగించితినని చెప్పుటకంటె ఈ నిరూపణ బలమైనది కాదు. ఇరువది డాలర్లకు రెండు గంటల వినోదమా యని అడిగినవారి బాధ మాత్రము నిష్కపటమైనది. ఆ సొమ్మునకు పదుల గంటలు సాగు క్రీడలు దొరకు విపణిలో, చేతిలో డబ్బు తక్కువైన విద్యార్థి అట్లు లెక్కించుట దోషము కాదు. చీకటి యిల్లు, ఉరుములు, స్నానపు తొట్టిలో ఎఱ్ఱని మరకలు, ఇవన్నియు చూచి దయ్యపుకథ యని నమ్మి, మరకలు తలకు వేసికొను రంగని తేలగనే మోసపోయితిమని కోపించినవారును గలరు. ఇద్దరు బాలికల ప్రేమను చిత్రించుటచేతనే విమర్శకులు తలకెత్తుకొనిరను ఆరోపణ వెనుక కథావస్తువుపై ద్వేషమే తరచుగ దాగియుండెను. అట్టి ప్రేమను తమ యౌవనమున అనుభవించియు, ఏ క్రీడలోను తమ్ము తాము చూచుకొననివారు దీనిని కన్నీళ్లతో స్వాగతించుట ఆ ద్వేషమునకు చాలిన సమాధానము.

వీనియన్నిటికంటె యోచింపదగినది సానుభూతిగల విమర్శకులలోనే కొందరు చూపిన లోపము. సమాంతా వ్రాసికొన్న డైరీని ఆమె కంఠముతోనే వినిపించుటచే, వస్తువులు చెప్పవలసినదానిని మాటలు ముందుగనే చెప్పివేయునని వారి యభిప్రాయము. ఇది సమంజసము. తండ్రి టెర్రీ బాల్యమున, ఆ యింటి పూర్వపు యజమానియు సమాంతాకు పినతాతయునగు బంధువువలన పొందిన గాయమును ఏ కంఠమును వినిపింపదు. నేలమాళిగలోని గుర్తులును, తిరిగివచ్చిన యొక యుత్తరమును, అతని నవలలలో మరల మరల తలయెత్తు సంవత్సరమును జతపరచినవారికే అది తోచును. ఈ కృతియందలి పరమశిల్పము ఆ భాగముననే యున్నది. త్వరపడి చివరకు పరుగెత్తినవారికి అది దక్కలేదు.

వివాదము విక్రయమును ఆపలేదు. తొలి ఆరు మాసములలో రెండున్నర లక్షల ప్రతులు అమ్ముడైనవి; 2016లో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ యంత్రములకును వచ్చినది. రెండు గంటలకంటె తక్కువ ఆడినవారికి సొమ్ము వాపసు నిచ్చు నియమమును స్టీమ్ అను ఆన్‌లైన్ విక్రయశాల 2015 జూన్‌లో ప్రవేశపెట్టుటతో, ఇట్టి స్వల్పకృతుల నిర్మాతలకు క్రొత్త భయము కలిగినది. మరుసటి యేట వెలువడిన ఫైర్‌వాచ్ అను క్రీడ విషయమునను నిడివి చాలదను ఫిర్యాదులు మరల వినవచ్చెను. అయినను ఈ శాఖ ఎండిపోలేదు. పూర్వుల యింటికి మరలివచ్చిన యువతి గది గదిలో కుటుంబచరిత్రను తెలిసికొను వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఈడిత్ ఫించ్, తానును రెండు మూడు గంటలలోనే ముగియునదయ్యు, 2018లో బాఫ్టావారి ఉత్తమక్రీడా బహుమానమును గైకొనెను.